ఆఫ్రికా దేశాలను ఒక కూటమిగా కలిపే ఆర్థికవేత్త ఎలా తయారవుతాడు? అడెడెజి వృత్తి జీవితం ఆధారంగా ఒక సమాధానం

అర్థశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న మీరు నైజీరియా ఆర్థికవేత్త అడెబాయో అడెడెజి గురించి తెలుసుకుని మూడు విషయాలు అడిగారు. పశ్చిమ ఆఫ్రికా దేశాలను ఒకే ఆర్థిక కూటమిలోకి తేవడం ఆయనకు చదువు వల్ల సాధ్యమైందా, రాజకీయ పలుకుబడి వల్ల సాధ్యమైందా? అలాంటి వృత్తి జీవితం ఏ మెట్లు ఎక్కుతూ సాగుతుంది? మన దేశం నుంచి వెళ్లేవారికి ఆ రంగంలో చోటు ఉందా? చివరగా, ఎం.ఏ. వ్యాసానికి ఈ రంగానికి దగ్గరగా ఉండే అంశం ఏదైనా సూచించమన్నారు.

సూటిగా చెప్పాలంటే, చదువు ఆయనకు గుర్తింపు తెచ్చింది, రాజకీయం ఆయనకు తలుపు తెరిచింది, కానీ పశ్చిమ ఆఫ్రికాలోని పదిహేను ప్రభుత్వాలను ఒప్పించగలిగింది మాత్రం ప్రభుత్వ ఖజానా ఎలా నిండుతుందో, ఎలా ఖాళీ అవుతుందో లోపలినుంచి చూసిన అనుభవం. ఒక దేశం సుంకాన్ని వదులుకుంటే ఆ లోటును ఎవరు పూడుస్తారన్న ప్రశ్నకు జవాబు చెప్పగల ఆర్థికవేత్తే ప్రాంతీయ సహకారానికి నాయకత్వం వహించగలడు. మూడో ప్రశ్నకు జవాబు: చోటు ఉంది, అయితే అధిపతి స్థానంలో కాదు, దాని గురించి చివర్లో రాస్తాను.

నేను తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల మధ్య కస్టమ్స్ సుంకాల తగ్గింపు మీద చాలాకాలం సలహాదారుగా పనిచేశాను. అడెడెజితో నాకు వ్యక్తిగత పరిచయం లేదు. ఆయన చొరవతో పుట్టిన సంస్థల్లో, ఆయన తయారుచేసిన పత్రాలను రోజూ తిరగేస్తూ పనిచేసినవాడిగా ఇది రాస్తున్నాను.

ముందుగా ఆయన వచ్చిన దారి చూద్దాం. 1930 డిసెంబరు 21న నైజీరియాలోని ఇజెబు-ఓడె అనే యొరుబా పట్టణంలో పుట్టారు. ఇబాడాన్‌లో చదివాక ఇంగ్లండు వెళ్లి 1958లో లెస్టర్‌లో అర్థశాస్త్ర పట్టా, 1961లో హార్వర్డ్‌లో ప్రభుత్వ పాలనలో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. మధ్యలో పశ్చిమ నైజీరియా ప్రాంతీయ ప్రభుత్వంలో ప్రణాళిక, ఆర్థిక శాఖల్లో అధికారిగా పనిచేశారు. తరువాత ఇఫే విశ్వవిద్యాలయంలో పరిపాలనా సంస్థకు సంచాలకులయ్యారు. 1967లో లండన్ విశ్వవిద్యాలయ డాక్టరేటు, ఆచార్య పదవి రెండూ వచ్చేనాటికి ఆయన వయసు 36.

ఈ వివరాల్లో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఆయన లోతుగా పరిశోధించిన విషయం అంతర్జాతీయ వాణిజ్యం కాదు, నైజీరియా సమాఖ్యలో కేంద్రానికీ ప్రాంతాలకూ మధ్య ఆదాయ పంపకం. నూనెగింజలు పండే ఉత్తరం, కోకో పండే పడమర, చమురు దొరికే తూర్పు, వీటిలో ఎవరి వాటా ఎంత, ఎవరు ఎవరికి చెల్లించాలి అన్న తగాదా ఆ దేశాన్ని పుట్టినప్పటినుంచీ వెంటాడింది. అంతర్యుద్ధానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. ఆ తగాదాను అంకెలతో సహా చదివినవాడు కాబట్టే, పదిహేను దేశాలు కలిసినప్పుడు కూడా మొదట వచ్చే తగాదా అదేనని ఆయనకు ముందే తెలుసని నా అభిప్రాయం. ప్రాంతీయ సహకారం గురించి చదివే విద్యార్థులు వాణిజ్య సిద్ధాంతాలతో మొదలుపెడతారు. నన్నడిగితే ప్రజా ఆదాయ వ్యయాల శాస్త్రంతో మొదలుపెట్టమంటాను.

ప్రతిపాదన ముందు, అవకాశం తరువాత. 1970లో, ఇంకా ఆచార్యుడిగా ఉన్నప్పుడే, పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక సహకారానికి ఉన్న అవకాశాల మీద ఆయన ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. అంతకుముందు జరిగిన ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో విశ్లేషించి, ఆ దేశాలన్నీ ఒకే కూటమిలోకి రావాలని వాదించారు. 1971లో నైజీరియా సైనిక పాలకుడు జనరల్ యాకుబు గోవాన్ ఆయనను ఆర్థికాభివృద్ధి, పునర్నిర్మాణ శాఖకు ఫెడరల్ కమిషనర్‌గా, అంటే మన లెక్కలో కేంద్రమంత్రిగా, నియమించేనాటికి ఆయన చేతిలో ఆలోచన సిద్ధంగా ఉంది. పదవి వచ్చాక ఏం చేయాలా అని వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

గోవాన్‌కు ఈ ఆలోచన ఎందుకు నచ్చిందో కూడా అర్థం చేసుకోవాలి. 1967 నుంచి 1970 జనవరి దాకా సాగిన అంతర్యుద్ధంలో విడిపోతామన్న తూర్పు ప్రాంతాన్ని, అంటే బియాఫ్రాను, 1968లో ఐవరీ కోస్ట్ గుర్తించింది, ఫ్రాన్స్ లోలోపల సాయపడింది. చుట్టూ ఫ్రెంచి మాట్లాడే దేశాలు, వాటి కరెన్సీకి ఫ్రాన్స్ హామీ, వాటి వ్యాపారం అటువైపే. ఇరుగుపొరుగుతో ఆర్థిక బంధం లేని పెద్ద దేశానికి భద్రత ఉండదన్నది నైజీరియా నేర్చుకున్న పాఠం. 1973లో చమురు ధర ఎగబాకడంతో ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టడానికి డబ్బు కూడా సమకూరింది. ఆర్థికవేత్త రాసిన పత్రానికి పాలకుడి భయమూ ఖజానాలోని మిగులూ తోడైనప్పుడే ఇలాంటి పని కదులుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఆ తరువాత జరిగింది నేను విద్యార్థులకు చాలాసార్లు వివరంగా చెప్పే ఘట్టం. పదిహేను దేశాలనూ ఒకేసారి కూర్చోబెట్టాలని అడెడెజి ప్రయత్నించలేదు. 1972 ఏప్రిల్‌లో నైజీరియా, టోగో దేశాధినేతలు గోవాన్, ఎయడెమా ఒక చిన్న కూటమికి బీజం వేస్తున్నామని ప్రకటించారు. టోగోనే ఎందుకు? అది చిన్న దేశం, ఫ్రెంచి మాట్లాడే దేశం, అయినా ఫ్రెంచి దేశాలు విడిగా కట్టుకుంటున్న కూటమిలో పూర్తి సభ్యురాలిగా చేరలేదు. ఇంగ్లీషు మాట్లాడే పెద్ద దేశం ఒంటరిగా పిలిస్తే పెత్తనం అనిపించే పిలుపు, ఫ్రెంచి మాట్లాడే చిన్న దేశం చేయి కలిపి పిలిస్తే ఆహ్వానం అవుతుంది.

1973 జులై, ఆగస్టు నెలల్లో నైజీరియా, టోగో మంత్రులూ అధికారులూ కలిసి పన్నెండు దేశాల రాజధానులు తిరిగారు. ప్రతిచోటా ముసాయిదా చూపించారు, అభ్యంతరాలు రాసుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆరు ఫ్రెంచి దేశాలు అబిజాన్‌లో తమ సొంత ఆర్థిక సమాజం ఒప్పందం మీద సంతకాలు చేశాయని గుర్తుంచుకుంటే, ఆ పర్యటన ఎంత ఎదురుగాలిలో జరిగిందో తెలుస్తుంది. డిసెంబరులో లోమేలో మంత్రుల సమావేశం, 1974 జనవరిలో ఆక్రాలో నిపుణుల సమావేశం, 1975 జనవరిలో మన్రోవియాలో మళ్లీ మంత్రుల సమావేశం జరిగాయి. ఈలోగా యూరప్ ఆర్థిక సమాజంతో ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలు ఒక్కటిగా బేరమాడి 1975 ఫిబ్రవరిలో లోమే ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి దేశాల అధికారులు నెలల తరబడి ఒకే పక్షాన కూర్చుని పనిచేయడం వల్ల పుట్టిన నమ్మకం ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. చివరకు 1975 మే 28న లాగోస్‌లో 15 దేశాలు సంతకాలు చేశాయి. పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక సమాజం, అంటే ఎకోవాస్, అలా ఏర్పడింది.

సంస్థను పంచిన తీరు కూడా చూడండి. కార్యాలయం నైజీరియాలో, సహకార పరిహార నిధి టోగో రాజధాని లోమేలో, తొలి కార్యనిర్వాహక కార్యదర్శి ఐవరీ కోస్ట్ నుంచి. పరిహార నిధి అన్న మాట దగ్గర ఆగండి. కూటమిలో పెద్ద పరిశ్రమలున్న దేశం లాభపడుతుంది, సుంకాల మీద బతికే చిన్న దేశం ఆదాయం పోగొట్టుకుంటుంది. ఆ నష్టానికి లెక్కకట్టి చెల్లించే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి. సమాఖ్య ఆదాయ పంపకాన్ని చదివినవారి ముద్ర ఇక్కడ నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

నా పనిలో ఇదే విషయం పదేపదే ఎదురైంది. సముద్రతీరం లేని ఒక చిన్న దేశపు ఆర్థిక శాఖలో, సుంకాలు తగ్గితే వినియోగదారులకు ఎంత మేలు జరుగుతుందో చూపించే పట్టికలు మా బృందం ప్రదర్శించింది. అక్కడి సీనియర్ అధికారి అంతా శ్రద్ధగా విని, "మీ పట్టికలో లాభం పదేళ్ల తరువాత కనిపిస్తోంది, ఉపాధ్యాయుల జీతాలు నేను ఈ నెలాఖరుకు ఇవ్వాలి" అన్నారు. ఆ దేశపు పన్ను ఆదాయంలో పెద్ద భాగం సరిహద్దు దగ్గర వసూలయ్యే సుంకమే. ఆ మాటకు జవాబు సిద్ధాంతంలో దొరకదు. ఏ వస్తువుల మీద ఎన్నేళ్లలో తగ్గించాలి, ఆ లోటును అమ్మకం పన్నుతో ఎంతమేరకు పూడ్చవచ్చు, మిగిలినదానికి ప్రాంతీయ నిధి ఎప్పుడు ఎంత చెల్లిస్తుంది అని వస్తువుల వారీగా కూర్చుని లెక్క వేయాలి. ఆ లెక్క వేశాకే ఆ ప్రభుత్వం చర్చలకు వచ్చింది.

అడెడెజి జీవితంలో రెండో అధ్యాయం అందరికీ ఎక్కువ తెలిసినది. ఎకోవాస్ సంతకాలు జరిగిన కొద్ది వారాలకే, 1975 జూన్‌లో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్ ఆయనను ఆడిస్ అబాబాలోని ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌కు కార్యనిర్వాహక కార్యదర్శిగా నియమించారు. జులై 29న, గోవాన్ కంపాలాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ సభలో ఉండగానే, లాగోస్‌లో సైన్యం ఆయనను పదవి నుంచి దింపేసింది. అండగా నిలిచిన పాలకుడు పోయినా ఎకోవాస్ నిలబడింది. ఒప్పందం ఒక వ్యక్తి మాట మీద కాక దేశాల సంతకాల మీద కట్టినందువల్లే అది సాధ్యమైంది.

కమిషన్‌లో ఆయన 1991 దాకా, పదహారేళ్లు ఉన్నారు. 1977లో లుసాకా, గిసెన్యి, యావుండే, నియామే, టాంజియర్‌లలో ఐదు ఉపప్రాంతీయ కేంద్రాలు తెరిపించారు. ఆడిస్ అబాబా నుంచి నివేదికలు పంపితే దేశాలు కలవవని, ప్రతి ప్రాంతంలోనూ అధికారులు తరచూ కలిసే చోటు ఉండాలని ఆయన నమ్మకం. లుసాకా కేంద్రం చుట్టూ జరిగిన చర్చల నుంచే 1981 డిసెంబరులో తూర్పు, దక్షిణ ఆఫ్రికా ప్రాధాన్య వాణిజ్య ప్రాంతం ఒప్పందం వచ్చింది. అదే 1994లో కొమెసాగా, అంటే తూర్పు, దక్షిణ ఆఫ్రికా ఉమ్మడి మార్కెట్‌గా, మారింది. 1983లో లిబ్రెవిల్‌లో మధ్య ఆఫ్రికా ఆర్థిక సమాజం ఏర్పడింది. నేను పనిచేసిన సంస్థల వంశవృక్షం గీస్తే వేళ్లన్నీ ఆ ఐదు కేంద్రాల దగ్గరికే పోతాయి.

1980 ఏప్రిల్‌లో లాగోస్‌లో ఆఫ్రికా దేశాధినేతలు ఆమోదించిన లాగోస్ కార్యాచరణ ప్రణాళిక ఆయన వృత్తి జీవితంలో శిఖరం. ఆహార స్వయంసమృద్ధి, ఖండంలోనే పరిశ్రమలు, రవాణా మార్గాలు, 2000 నాటికి ఆఫ్రికా ఆర్థిక సమాజం దాని లక్ష్యాలు. ప్రపంచ పారిశ్రామిక ఉత్పత్తిలో ఆఫ్రికా వాటా 1990 నాటికి 1.4 శాతానికి, 2000 నాటికి 2 శాతానికి చేరాలని అందులో రాసుకున్నారు. మరుసటి ఏడాదే ప్రపంచ బ్యాంకు తరఫున ఇలియట్ బెర్గ్ నేతృత్వంలో తయారైన నివేదిక వచ్చింది. కష్టాలకు మూలం ప్రభుత్వాల లోపభూయిష్ట విధానాలేనని, కరెన్సీ విలువ తగ్గించాలని, ప్రభుత్వ సంస్థలను కుదించాలని, ఎగుమతి పంటలకు మంచి ధర ఇవ్వాలని అది చెప్పింది. ఒకపక్క యాభై దేశాధినేతల ప్రణాళిక, మరోపక్క అప్పు ఇచ్చేవారి నివేదిక. వడ్డీ రేట్లు పెరిగి, రాగి, కోకో, కాఫీ ధరలు పడిపోయి, ఒక్కొక్క దేశమే విడివిడిగా వాషింగ్టన్ వెళ్లి సంతకం చేస్తున్న కాలంలో ఏది గెలిచి ఉంటుందో మీరు ఊహించగలరు.

అడెడెజి దానితో ఆగలేదు. 1989లో వ్యవస్థాగత సర్దుబాటు కార్యక్రమాలకు, అంటే అప్పు ఇవ్వడానికి షరతుగా పెట్టిన ఆర్థిక మార్పులకు, ప్రత్యామ్నాయ చట్రాన్ని కమిషన్ తరఫున ప్రచురించారు. బడ్జెట్ లోటును తగ్గించే పేరుతో పాఠశాలలు, ఆసుపత్రుల ఖర్చు కోస్తే రేపటి ఉత్పత్తి శక్తినే కోసినట్టని, అన్ని దిగుమతులకూ ఒకేలా గేట్లు ఎత్తేస్తే పసి పరిశ్రమలు మిగలవని దాని వాదన. 1990లో అరుషాలో జరిగిన సమావేశం నుంచి ప్రజా భాగస్వామ్యం మీద ఒక ప్రకటన పత్రం వచ్చింది. సైనిక పాలనలూ ఏకపార్టీ పాలనలూ నిండిన రోజుల్లో, ప్రభుత్వాల జీతం మీద నడిచే సంస్థ అధిపతి ప్రజలు లేని అభివృద్ధి అభివృద్ధి కాదని చెప్పడం చిన్న విషయం కాదు. సర్దుబాటు కార్యక్రమాల వల్ల విద్య, వైద్యం దెబ్బతిన్నాయన్న మాటను ఈనాడు ఆ సంస్థల్లో పనిచేసినవారు కూడా ఒప్పుకుంటారు. కాబట్టి ఆ వాదనలో ఆయన పక్షానే న్యాయం ఎక్కువని నేను నమ్ముతాను.

అయితే ఒక హెచ్చరిక. ఆయనను పొగిడే వ్యాసాల్లో కనిపించని బలహీనత ఒకటుంది. బెర్గ్ చెప్పిన కొన్ని మాటలు నిజం. రైతుకు మార్కెట్ ధరలో సగం కూడా దక్కనివ్వని ప్రభుత్వ కొనుగోలు బోర్డులు చాలా దేశాల్లో ఉండేవి. కాగితం మీది మారకం రేటుకూ వీధి రేటుకూ పొంతన ఉండేది కాదు. లాగోస్ ప్రణాళిక వీటిని గట్టిగా పట్టుకోలేదు. సంతకం చేసినవారు ఆ బోర్డులను నడుపుతున్న ప్రభుత్వాలే. సభ్యదేశాల సమ్మతితో బతికే సంస్థకు అధిపతి అయినవాడు ఆ సభ్యదేశాల తప్పును ఎంత గట్టిగా చెప్పగలడన్నది ఈ వృత్తిలో ఎప్పటికీ తీరని ఇబ్బంది. ఎకోవాస్ విషయంలోనూ అంతే. 1979లో దేశాల మధ్య స్వేచ్ఛగా రాకపోకలు సాగించే హక్కు మీద ఒప్పందం రాసుకున్నారు. చమురు ధర పడిపోగానే 1983 జనవరిలో నైజీరియానే పది లక్షలకు పైగా పొరుగు దేశాలవారిని వెళ్లిపొమ్మంది. వారిలో ఎక్కువమంది ఘనావారు.

పదవిలో లేనప్పుడే ఆ ఇబ్బంది తొలగుతుందేమో. 1991 తరువాత ఆయన ఇజెబు-ఓడెలో ఒక అధ్యయన కేంద్రం నెలకొల్పారు. ఆఫ్రికా దేశాలు తమ పాలనను తామే పరస్పరం సమీక్షించుకునే వ్యవస్థ 2003లో మొదలైనప్పుడు దాని ప్రముఖుల బృందంలో చేరారు. దక్షిణాఫ్రికా సమీక్షకు నాయకత్వం వహించింది ఆయనే. ఆ నివేదిక విదేశీయుల మీద ద్వేషం పెరుగుతోందని హెచ్చరిస్తే అప్పటి ప్రభుత్వం ఆ అంచనాను కొట్టిపారేసింది. 2008 మేలో ఆ ద్వేషమే దాడులుగా మారి అరవై మందికి పైగా చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 77. ఈ ఒక్క ఉదంతం కోసమైనా ఆయన చివరి దశను వివరంగా చదవమని చెబుతాను, ఎందుకంటే ఆర్థికవేత్తల జీవిత చరిత్రలు సాధారణంగా పదవీ విరమణ దగ్గరే ఆగిపోతాయి.

2018 మార్చి 21న కిగాలీలో 44 దేశాలు ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ 44లో నైజీరియా లేదు. దేశీయ పరిశ్రమల అభ్యంతరాల వల్ల ఏడాదికి పైగా ఆగి 2019 జులైలో సంతకం చేసింది. అడెడెజి 2018 ఏప్రిల్ 25న లాగోస్‌లో మరణించారు. ఇక ఎకోవాస్ నుంచి 2025 జనవరిలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ వైదొలిగాయి. ఇప్పుడు 12 దేశాలు మిగిలాయి. సైనిక తిరుగుబాట్ల తరువాత విధించిన ఆంక్షలే తక్షణ కారణం. తీరం లేని ఆ మూడు దేశాలకూ పొరుగు రేవులు తప్పనిసరి కాబట్టి ఈ కథ ఇంతటితో ముగిసిందని నేను అనుకోవడం లేదు.

మీ రెండో ప్రశ్న, అంటే మెట్ల గురించి. ఒక్క అడెడెజిని చూసి సూత్రం కట్టకూడదు కాబట్టి మరికొందరిని చూడండి. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకుకు 2005 నుంచి 2015 దాకా అధ్యక్షుడిగా ఉన్న డొనాల్డ్ కబెరుకా అంతకుముందు రువాండా ఆర్థికమంత్రి. ఇప్పుడు ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌ను నడుపుతున్న క్లావర్ గటేటే అదే దేశంలో కేంద్ర బ్యాంకు గవర్నరు, తరువాత ఆర్థికమంత్రి. దక్షిణ ఆఫ్రికా అభివృద్ధి సమాజానికి 2013 నుంచి 2021 దాకా కార్యనిర్వాహక కార్యదర్శిగా ఉన్న స్టెర్గొమెనా టాక్స్ టాంజానియాలో తూర్పు ఆఫ్రికా సహకార శాఖకు ముఖ్య అధికారిగా పనిచేసి వచ్చారు. అందరి దారిలోనూ ప్రభుత్వ ఖజానాకో, సహకార శాఖకో దగ్గరగా గడిపిన ఏళ్లు ఉన్నాయి. కెన్యాకు చెందిన ఎరాస్టస్ మ్వెంచా దారి కొంచెం వేరు. ఆయన కొమెసా కార్యదర్శి హోదాలో ఉండగా 2000 అక్టోబరు 31న తొమ్మిది దేశాలతో స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతాన్ని ప్రారంభించారు, తరువాత ఆఫ్రికా సమాఖ్య కమిషన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. మనకు సంబంధించిన పేరు కూడా ఒకటుంది: బింగు వా ముథారికా ఢిల్లీలో బి.కాం., ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చదివి, 1991 నుంచి ఆ ప్రాధాన్య వాణిజ్య ప్రాంతానికీ, అది కొమెసాగా మారాక దానికీ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, 2004లో మలావి అధ్యక్షుడయ్యారు.

సొంత ఆదాయం లేని సంస్థకు సొంత మాట ఉండదు. మెట్ల కన్నా ఇది ముఖ్యం. ఎకోవాస్ బయటి దేశాల దిగుమతుల మీద 0.5 శాతం సమాజ సుంకం (కమ్యూనిటీ లెవీ) వసూలు చేస్తుంది, అందుకే అది కొంతవరకైనా నిలదొక్కుకుంది. ఆఫ్రికా సమాఖ్య కూడా 2016లో కిగాలీలో, కబెరుకా సిఫారసు మీద, అర్హమైన దిగుమతుల మీద 0.2 శాతం సుంకం వేయాలని నిర్ణయించింది. అమలు చేసిన దేశాలు కొన్నే. దాతల డబ్బుతో నడిచే కార్యక్రమాల్లో నేను పనిచేశాను. సమావేశపు ఎజెండాలో ఏ అంశం ముందుండాలో డబ్బు ఇచ్చేవారి ఆర్థిక సంవత్సరం నిర్ణయించడం కళ్లారా చూశాను.

అలాగే, సుంకం సున్నా అయినంతమాత్రాన సరుకు కదలదు. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు దగ్గర జాంబెజి నది దాటాలంటే లారీలు రోజుల తరబడి వరుసలో ఆగేవి. ఒకవైపు తనిఖీ అయ్యాక వంతెన దాటి మళ్లీ అదే తనిఖీ. 2009 డిసెంబరులో రెండు దేశాల అధికారులూ ఒకే చోట కూర్చుని ఒకేసారి తనిఖీ చేసే ఏర్పాటు అక్కడ మొదలైంది, ఖండంలో అలాంటిది అదే మొదటిది. దానికోసం ఒక దేశపు అధికారి మరో దేశపు నేల మీద తన చట్టాన్ని అమలు చేసే అధికారం కల్పిస్తూ రెండు పార్లమెంట్లు చట్టాలు చేయవలసి వచ్చింది. మన దగ్గర జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో చెక్‌పోస్టులు తీసేసినప్పుడు లారీ డ్రైవర్లకు కలిగిన ఊరటను తెలిసినవారికి ఆ మార్పు విలువ వెంటనే అర్థమవుతుంది. మోటారు బీమాకు పశ్చిమాన గోధుమరంగు కార్డు, తూర్పున పసుపుపచ్చ కార్డు, ఒక కార్డుతో అనేక దేశాలు దాటే వీలు, ఇవి కూడా 1980లలోనే వచ్చాయి. వార్తల్లోకి ఎక్కని ఈ పనులే ఈ వృత్తిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చాయి.

ఇక మన దేశం నుంచి వెళ్లేవారి సంగతి. ఆఫ్రికా సమాఖ్య, ఎకోవాస్, కొమెసా సచివాలయాల్లో శాశ్వత ఉద్యోగాలు సభ్యదేశాల పౌరులకే. అది న్యాయం కూడా. ఆఫ్రికా ఆర్థిక కమిషన్ ఐక్యరాజ్యసమితిలో భాగం కాబట్టి అక్కడ భారతీయులు దరఖాస్తు చేయవచ్చు. 32 ఏళ్లు దాటనివారికి యువ నిపుణుల పరీక్ష ఉంది, కానీ అందులో పాల్గొనే దేశాల జాబితా ఏటా మారుతుంది కాబట్టి ప్రకటన వచ్చిన ప్రతిసారీ చూసుకోవాలి. అబిజాన్‌లోని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకులో భారత్ 1983 నుంచి ప్రాంతేతర, అంటే ఆఫ్రికా బయటి, సభ్యురాలు, ఆ హోదాలో భారతీయులు ఉద్యోగానికి అర్హులే. అధ్యక్ష పదవి మాత్రం ఆఫ్రికా దేశాలవారిది. మిగిలిన దారి, నేను వెళ్లిన దారి, సలహాదారు పని.

ఏ దారిలో వెళ్లినా ఫ్రెంచి నేర్చుకోండి. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవారికి పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో సగం తలుపులు మూసే ఉంటాయి. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనో, అలయన్స్ ఫ్రాంసైజ్‌లోనో ఇప్పుడే చేరండి. ఎకనామెట్రిక్స్ మీకు ఎలాగూ వస్తుంది. దానితోపాటు కస్టమ్స్ వర్గీకరణ పట్టిక చదవడం, వస్తువు ఏ దేశంలో తయారైందో నిర్ణయించే నియమాలు అర్థం చేసుకోవడం నేర్చుకోండి. మా బృందంలోకి గొప్ప పట్టాలతో వచ్చిన యువకులు నమూనాలు చక్కగా కట్టేవారు, కానీ బస్తా సిమెంటు ఏ పద్దు కిందికి వస్తుందో తెలియక మొదటి చర్చలోనే మౌనంగా ఉండిపోయేవారు. వీలైతే మొదటి ఉద్యోగం ఏదైనా రాష్ట్ర ఆర్థిక శాఖలోనో, వాణిజ్య పన్నుల శాఖలోనో, ఆర్థిక సంఘాల కోసం అధ్యయనాలు చేసే సంస్థలోనో చూసుకోండి. నేరుగా ఆఫ్రికా వెళ్లడంకన్నా అలాంటి ఉద్యోగంలో గడిపిన మూడేళ్లు మిమ్మల్ని ఈ పనికి బాగా సిద్ధం చేస్తాయి.

మీ ఎం.ఏ. వ్యాసానికి నా సూచన ఇది: కూటమిలో చేరి ఆదాయం కోల్పోయే సభ్యులకు పరిహారం ఎలా చెల్లించాలన్న ప్రశ్న తీసుకోండి. మన జీఎస్టీ పరిహార చట్టం 2015–16ను ఆధార సంవత్సరంగా పెట్టుకుని, ఏటా 14 శాతం వృద్ధి లెక్కన, 2017 నుంచి ఐదేళ్లపాటు రాష్ట్రాల లోటును పూడ్చింది. ఎకోవాస్ సమాజ సుంకం ద్వారా పూడ్చే ఏర్పాటు దానికన్నా పాతది, నియమాలు వేరు, వసూలు చేసే అధికారం సభ్యదేశాల చేతుల్లోనే ఉండిపోయింది. ఒకచోట కేంద్రం ఉంది, మరొకచోట లేదు. కేంద్రం లేనిచోట బకాయి పడిన సభ్యుడితో ఎవరు కట్టిస్తారన్నది మీ వ్యాసానికి కేంద్ర ప్రశ్న అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అంకెలు రిజర్వు బ్యాంకు ఏటా వెలువరించే రాష్ట్రాల ఆర్థిక నివేదికల్లో దొరుకుతాయి, ఎకోవాస్ ఒప్పందాలు ఇంగ్లీషులోనే లభ్యం. అధ్యాయాల ప్రణాళిక రాశాక ఇక్కడే పెట్టండి, చదివి నా అభిప్రాయం చెబుతాను.